మంగళవారం గాలి

గత నెల పదకొండో తేదీ, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మా మేనకోడలు టెక్కలిలోని మా ఇంటికి వచ్చి, తన ఫోనులో ఒక గీతను చూపించింది. టెక్కలి నుంచి పలాసకు పోయే హైటెన్షన్ లైను మరునాడు ఏ గంటకు ఎన్ని ఆంపియర్లు మోయగలదో ముందుగానే చెప్పే గీత అది. తీగకు డోలు ఆకారంలో చిన్న పెట్టె ఒకటి తగిలించారట. తీగ ఎంత వేడెక్కిందో, ఎంత కిందికి వేలాడిందో అదే చెబుతుందట. దానికి రేపటి ఎండనూ గాలినీ కలిపి లెక్క కడతారట. ఆ లెక్క కట్టే ఇంజనీర్లలో మా మేనకోడలు ఒకతె. నేను ఆ గీతను చాలాసేపు చూసి, అటక మీది రేకుపెట్టె దింపించి, అందులోని అయిదు నోటుపుస్తకాలు ఆమె ముందు పెట్టాను.

నా వయసువారికి గుర్తుండే ఉంటుంది, మా రోజుల్లో లైను శక్తి అంటే గోడమీది పలకపై తెల్లరంగుతో రాసిన రెండు అంకెలు, వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటి. నేను టెక్కలి సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేరేనాటికి వేసవి అంకె మూడువందల అరవై ఆంపియర్లు. మధ్యాహ్నం లోడు ఆ అంకెను తాకబోతుంటే ఉద్దానం ఊళ్ళకు కరెంటు తీసేసేవాళ్ళం. కొబ్బరి మొక్కలకు నీళ్ళు తోడే మోటార్లు ఆగేవి, కాశీబుగ్గలో జీడిపప్పు ఆరబెట్టే యంత్రాలు ఆగేవి, మమ్మల్ని తిట్టేవాళ్ళు మాత్రం ఆగేవారు కారు. అయితే సముద్రపుగాలి తిరిగాక తీగ చల్లబడుతుందనీ, చల్లబడిన తీగ సాగదనీ, సాగని తీగ మరికొంత భారం మోయగలదనీ నాకు తెలుసు. ఎంత మోయగలదన్నది మాత్రం అంకెల్లో తెలియాలి. అంకెల్లో తెలియనిదాన్ని తెలిసినట్టుగా నేను ఏనాడూ లెక్కపెట్టలేదు, ఇప్పుడూ పెట్టను.

లైను పొడవునా గాలి ఒక్కతీరుగా ఉండదు. పలాస దగ్గర ఒక గుట్ట వెనక రెండు టవర్ల నడుమ గాలి ఆగిపోయేది. మొత్తం లైను మోయగల బరువు ఆ ఒక్కచోటి తీగను బట్టే ఉండేది. అదృష్టవశాత్తు పలాస సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు మా బావే, అంటే మా అక్క భర్త, ఈ మేనకోడలి తండ్రి. మేమిద్దరం కోరి పగటి డ్యూటీలు వేయించుకున్నాం. గుట్టమీద వెదురుబొంగుకు ఒక గుడ్డపేలిక కట్టించాను. పేలిక కదలకపోతే సున్నా, కొస లేస్తే ఒకటి, సగం లేస్తే రెండు, నిటారుగా నిలబడితే మూడు. బావ గంటగంటకూ గుట్టెక్కి చూసి ఫోనులో అంకె చెప్పేవాడు. నేను ఆ అంకెనూ, ఎండనూ, లోడునూ తేదీవారీగా రాసుకుని, ఉదయం పదింటికల్లా మధ్యాహ్నపు అంచనా కట్టేవాణ్ణి. ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. బావ ఫోనులో అంకె చెప్పి ఊరుకునేవాడు కాడు. గుట్టకింద జీడితోట పూతకొచ్చిందనీ, పనసపిందెలు దిగాయనీ, అక్క చేపలపులుసులో ఉప్పు మరిచిపోయిందనీ చెప్పేవాడు. అవన్నీ నేను రాసుకోలేదు, కానీ వినడానికి ఎంతో హాయిగా ఉండేది. ఆ రెండు నెలలూ ఉన్నంత సంతోషంగా నా ఉద్యోగజీవితంలో మరెన్నడూ లేను.

ఏప్రిల్ చివరికి నా అంచనాలు చూసి మా పైఅధికారి మెత్తబడ్డాడు. అంచనా అనుకూలంగా ఉన్న రోజున పలక మీది అంకెను దాటనిచ్చి, ఉద్దానానికి కరెంటు తీయకుండా చూద్దామన్నాడు. మే పంతొమ్మిది, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలకు పలాస గాలి మూడు ఉంటుందని లెక్క కట్టాను. రెండింటికి ఫోను చేస్తే బావ కూడా మూడే అన్నాడు. లోడు నాలుగువందల ఇరవైకి పోనిచ్చాం. రెండు గంటల నలభై నిమిషాలకు గుట్ట వెనక తీగ సాగి, కింద ఉన్న పనసచెట్టు కొమ్మకు దగ్గరై నిప్పు రాలింది, లైను ట్రిప్పయి ఆగిపోయింది. అప్పటిదాకా ఊరికి ఓ గంట పోయే కరెంటు ఆనాడు ఉద్దానమంతటికీ ఒకేసారి పోయింది, మర్నాటిదాకా రాలేదు.

విచారణలో అధికారి బావను సూటిగా అడిగాడు. గాలి మూడే ఉందనీ, తన కళ్ళతో చూశాననీ బావ చెప్పాడు. గాలి అంత ఉండగా తీగ సాగిందంటే తప్పు నా లెక్కదే కావాలి. నాకు మెమో ఇచ్చి స్టోర్సుకు మార్చారు. పదవీవిరమణ దాకా నేను బోల్టులూ, తీగలకు తగిలించే పింగాణీ గిన్నెలూ లెక్కపెట్టాను. ఆ లెక్కల్లో ఒక్క బోల్టు తేడా రాలేదు. అయినా, గాలి లెక్కలో నా తప్పేమిటో తేలక, మూడు దశాబ్దాలకు పైగా ఆ అయిదు పుస్తకాలనూ వేసవికొకసారి తీసి మళ్ళీ మొదటినుంచీ గుణించుకునేవాణ్ణి.

మా మేనకోడలు వాటిని తీసుకెళ్ళి, అన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, పదిరోజుల తరవాత తిరిగివచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మావయ్యా, ఫిబ్రవరి, మార్చి నీ లెక్కలు మా లెక్కలతో పక్కపక్కనే నడుస్తున్నాయి తెలుసా? పద్ధతి కరెక్టే. కానీ ఏప్రిల్ ఆరునుంచి పలాస గాలి చూడు. ప్రతి సోమవారం ఒకేలా ఉంది. ప్రతి మంగళవారం ఒకేలా ఉంది. గురువారం ఖాళీ. గాలికి వారాలు తెలుస్తాయేటి మావయ్యా?"

నేను తేదీలవారీగా రాసుకున్నాను, తేదీలవారీగానే సరిచూసుకున్నాను. వారాలవారీగా పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఒక్కసారీ తట్టలేదు. గురువారం బావకు సెలవు. ఆ అంకెలు ఎవరు చెప్పేవారని ఆమె అడిగితే, సాయంత్రం చెబుతానని, మధ్యాహ్నం బస్సెక్కి బావ ఉండే కాశీబుగ్గ వెళ్ళాను.

బావ వరండాలో పడకకుర్చీలో ఉన్నాడు. ఎదురింటి బట్టీనుంచి జీడిపిక్కలు కాలుస్తున్న ఘాటు వస్తోంది. నేను ఏప్రిల్ ఆరో తేదీ అనగానే నవ్వాడు.

"ఏటి బామ్మర్దీ, ఇన్నేళ్ళకి ఆ పేలిక గుర్తొచ్చినాదేటి? రెండు నెల్లు ఎక్కినాను కాదా. సిత్రమాసం ఎండ, గుట్టమీద నీడనేదే లేదు. ఆరు రోజులకీ అంకెలేసి ఓ సీటీ రాసుకుని బల్లమీద అద్దం కింద ఎట్టుకున్నాను. నువ్వు ఫోను సేత్తే సదివీవోణ్ణి. నాకేటి తెలుసు, నువ్వు దాన్ని నమ్ముకుని లైనుమీద బరువెడతావని!"

"మరి విచారణలో?"

"అప్పుడు నిజం సెప్తే నా ఉజ్జోగం ఊడిపోద్ది కాదేటి? నీకేటయినాది, స్టోర్సులో ఫ్యాను కింద కూకున్నావు." అని గొంతు తగ్గించాడు. "పిల్లకి సెప్పీసినావేటి?"

క్షమించమని అడుగుతాడేమోనని పావుగంట కూర్చున్నాను. అడగలేదు. అక్క పటానికి దండం పెట్టుకుని లేచి వచ్చేశాను. నా సొంతవాళ్ళలో నేను ఎదురుప్రశ్న లేకుండా నమ్మిన మనిషి ఆయన ఒక్కడే. ఆయన బల్లమీద అద్దం కింద చీటీగా పడి ఉన్నది నా ఉద్యోగం.

సాయంత్రం మా మేనకోడలు వాకిట్లోనే ఎదురుచూస్తోంది. ఏప్రిల్ ఆరు తరవాతి పలాస అంకెలు వాడవద్దనీ, అది గాలి కాదనీ చెప్పాను. మరి అదేమిటి, ఎవరు చెప్పారని మళ్ళీ అడిగింది. పుస్తకం తెరిచి, మంగళవారపు గడి మీద వేలుపెట్టి, చేతిరాత నాదే, చూసుకోమన్నాను. నేను చెప్పినది నిజమే, కానీ జీవితంలో మొదటిసారిగా ఒక నిజాన్ని ఏదో దాచడానికి వాడాను. ఆమె చాలాసేపు నా చేతిరాతను చూసింది. ఆ రోజుల్లో వాళ్ళ నాన్న ఎక్కడ డ్యూటీ చేసేవాడో ఆమెకు తెలుసు. పుస్తకాలను తెచ్చినదానికంటే మెల్లగా పెట్టెలో సర్దింది.

ఇప్పుడు తీగకు వేలాడే పెట్టె తన సంగతి తానే చెప్పుకుంటుంది. దానికి ఎండదెబ్బ తగలదు, గుట్టెక్కే బద్ధకం లేదు, పోగొట్టుకునే ఉద్యోగమూ లేదు. మా రోజుల్లో ప్రతి అంకె వెనకా ఒక గొంతు ఉండేది, ఆ గొంతు పనసపిందెల సంగతీ పులుసులో ఉప్పు సంగతీ కూడా చెప్పేది. అందుకే కాబోలు నేను అంకెను కాక గొంతును నమ్మానని ఇన్నేళ్ళకు తెలుసుకున్నాను. మూడు దశాబ్దాలు నాది కాని తప్పును వెతుక్కున్నాను. ఇప్పుడది దొరికింది, కొట్టివేద్దామని ఎర్రపెన్సిలు పట్టుకుని మే పంతొమ్మిది పుట తెరిచాను. మధ్యాహ్నం రెండు గంటల గడిలో మూడు అంకె ఉంది. ఫోను చెవిన పెట్టుకుని, ఆయన చెబుతుంటే రాసుకున్నది, ఎంతో గుండ్రంగా, ఎంతో శ్రద్ధగా, ఒక్క కొట్టివేత లేకుండా. పెన్సిలు పక్కన పెట్టేశాను.