ఊ కొట్టే ఉద్యోగం

నందిగామలో ఒక ఎముకల డాక్టరుగారి దగ్గర పదకొండేళ్లుగా టైపిస్టుని. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి, ఓపీ మొదలయ్యేలోపు నా కుర్చీలో ఉంటాను. ఆయన డిశ్చార్జి సమ్మరీలు ఇంగ్లీషులో చెబుతుంటే ఎదురుగా కూర్చుని టైపు చేస్తాను. వాక్యం అయినప్పుడల్లా "ఊ" అంటాను. చిన్నప్పుడు అమ్మమ్మ కథలకి ఊ కొట్టిన నోరు, ఊరుకోదు.

ఈ వేసవిలో ఆయన మాటని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ కొన్నారు. "నెలాఖరు దాకా రామ్మా. దానికి మన మందుల పేర్లవీ అలవాటు చెయ్యి," అన్నారు. నా ఉద్యోగం ఊడగొట్టేదానికి నేనే పాఠాలు చెప్పాలన్నమాట! ఒళ్లు మండిపోయింది. అయినా చెప్పాను, పని సగంలో వదిలేయడం నాకు చేతకాదు. అదీ గట్టిదే. వారం తిరక్కుండానే ఆపరేషన్ నోట్సు నాకంటే వేగంగా రాయసాగింది. టీ అడగదు, బస్సు లేటైందనదు.

చిక్కల్లా డాక్టరుగారితోనే వచ్చింది. ఒక వాక్యం చెప్పి ఆగిపోతారు. తెర వంక చూస్తారు. మళ్లీ మొదటినుంచి చెబుతారు. ఫోనులో అవతలివాళ్లు పలక్కపోతే "హలో, హలో" అంటామే, అలా తయారైంది ఆయన పరిస్థితి. చివరికి ఒకరోజు సిగ్గుపడుతూ, "కాసేపు వచ్చి ఎదురుగా కూర్చోమ్మా," అన్నారు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊ కొట్టాను. గడగడా చెప్పుకుపోయారు. నాకు లోపల ఒకటే నవ్వు.

క్వారీలో రాయి పడి కాలు విరిగిన ఒకాయన కేసు అది. దెబ్బ కుడి కాలికన్నారు. ఊ అన్నాను. ఎక్స్‌రే సంగతి చెప్పారు. ఊ అన్నాను. ఎడమ కాలికి కట్టు వేశామన్నారు. నేను ఊ అనలేదు.

ఆయన ఠక్కున ఆగారు. "ఏమ్మా?"

"దెబ్బ కుడి కాలికన్నారు కదండీ. సమ్మరీలో కట్టు ఎడమ కాలికి పడింది."

తెర మీద రెండు కాళ్లూ ఒక్క అక్షరం తప్పు లేకుండా, కామాలతో సహా ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇన్నాళ్లూ ఇలా ఎన్నిసార్లు ఆపావు నన్ను?"

"గుర్తు లేదండి."

మనసులో మాట చెప్పాలంటే ఆయనకి మొహమాటం, ఇంగ్లీషులో అయితేనే నోరు పెగులుతుంది. "ఐ నీడ్ యూ హియర్," అన్నారు. తర్వాత, "నెలాఖరు సంగతి మర్చిపోమ్మా," అన్నారు. ఇంతగా ఆ గదిలో ఎప్పుడూ సంతోషపడలేదు నేను.

మైకు మాత్రం ఎవరూ ఆపలేదు. ఆ సాఫ్ట్‌వేర్ మా తెలుగంతా ఏదో గజిబిజిగా రాసేసి, ఆ ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని మాత్రం చక్కగా ఫుల్‌స్టాప్ పెట్టి చూపిస్తోంది. ఆయన చూసి కంగారుపడ్డారు.

"అదంతా చెరిపేయమ్మా."

చెరిపేశాను. ఆ ఒక్క వాక్యాన్ని ప్రింటు తీసుకున్నాకే.