మారీన్ ఆంటీ పోస్టర్ మీది వేలిముద్ర

దయ్యాల కబుర్లు నా దగ్గర చెల్లవు. ఇంట్లో లైటు దానంతటదే ఆరిపోతే ముందు స్విచ్ బోర్డు చూసే మనిషిని. అందుకే ఇది రాయాలంటే నాకే మొహమాటంగా ఉంది.

మా ఆయనకు పాత ఇంగ్లండు సినిమాల పోస్టర్ల పిచ్చి. గని కార్మికులు, ఇరుకు ఇళ్ళు, అద్దె కట్టలేని సంసారాలు, అలాంటి కథలే కావాలి. పోస్టర్ మాత్రం ఆ రోజుల్లో హాలుకు పంపిన అసలుదే అయ్యుండాలి. మేము వలస వచ్చి ఉంటున్న ద పాండ్స్ అనే శివారు పేటలో మా గెస్ట్ రూమ్‌లోకి గెస్టులు అడుగుపెట్టి ఏళ్ళయింది, నిండా పోస్టర్లే.

పక్కింటి మారీన్ ఆంటీ ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డావిడ. చనిపోయిన ఆమె భర్త ఫ్రాంక్ వయసులో ఉన్నప్పుడు అక్కడ గోడలకు సినిమా పోస్టర్లు అంటించేవారట. ఆయన దాచుకున్న ఒకే ఒక్క పోస్టర్‌ను ఆవిడ మా ఆయనకు ఇచ్చేసింది. ఫ్యాక్టరీ గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ అమ్మాయి బొమ్మ.

ఇలాంటివి చేతికి రాగానే నీళ్ళతో శుభ్రం చేయించి, చిరగకుండా వెనక గుడ్డ అతికించడం కలెక్టర్ల అలవాటు. మా ఆయనా అదే చేయించారు. కింది మూలలో ఉన్న జిగురు మరక పోయిందని తెగ మురిసిపోయారు కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీకి వచ్చిన ఆంటీ, ఆ మూలన జిగురులో ఫ్రాంక్ బొటనవేలి ముద్ర ఉంటుందని, ఒకసారి ముట్టుకుంటానని అడిగింది. పోస్టర్ తెస్తామని చెప్పి ఇద్దరం లోపలికి వెళ్ళాం.

వంటింట్లో మా ఆయన, “కడిగించేశాను కదే, ఆమెకి ఎట్టా చెప్పేది?” అన్నారు.

ఆవిడకు చూపు సరిగా ఆనదు, తెలియదులే అనుకున్నాం. పోస్టర్ తెచ్చి టేబుల్ మీద పరిచాం. ఆవిడ మూల వెతుక్కుని బొటనవేలు ఆనించింది.

“ఇంకా తడిగానే ఉంది,” అంది మెల్లగా, ఇంగ్లిష్‌లో.

అయ్యో పాపం, భ్రమ అనుకున్నాను. అంతలో ఉడికించిన మైదా వాసన వచ్చింది. చిన్నప్పుడు గుడివాడలో సినిమా పోస్టర్లు అంటించే గోడల దగ్గర వచ్చే జిగురు వాసనే. మా ఇంట్లో మైదా వాడం.

కడిగించిన సంగతి ఎక్కడ బయటపడుతుందోనని మా ఆయన, ఎండ తగిలితే రంగు పోతుందంటూ పోస్టర్ లాగేసుకున్నారు. ఆవిడ ఇంకాసేపు ఉంచమంది. మళ్ళీ వారం చూద్దురుగాని అన్నాం. మిగిలిన టీ తాగి వెళ్ళిపోయింది.

ఆవిడ తాగిన కప్పు పిడి మీద తెల్లటి జిగురు, తడిగా ఉంది. గోరుతో గీకి చూశాను. పోస్టర్ మూల మాత్రం శుభ్రంగా, పొడిగా ఉంది.

ఆ వారం మధ్యలోనే ఆంటీ పోయింది.

ఆ జిగురు ఎక్కడిదో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఫ్రాంక్ నిజంగా అక్కడ ఉన్నారో లేదో తెలీదు. ఉండి ఉంటే, వాళ్ళిద్దరినీ విడదీసింది మేమే.