మపులేంగ్ శనివారాలు

లెసోతో రాజధాని మసేరులో జీన్సు ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో మపులేంగ్ పంతొమ్మిదేళ్లుగా జిప్పులు కుడుతోంది. గంటకు డెబ్భై. ఒక్కటీ వంకర పోదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతుంది. ఆ మాత్రం గొప్పలు పోవడానికి ఆమెకు హక్కుంది.

వారమంతా ఆమె ఎదురుచూసేది శనివారం కోసం. మా వైపు ఎవరు ఏ రోజు పోయినా మట్టిచేసేది శనివారమే. పెద్ద పెద్ద ఇనప కుండల్లో మొక్కజొన్న గుగ్గిళ్లు ఉడికించాలన్నా, సమాధి దగ్గర పాట ఎత్తుకోవాలన్నా మపులేంగ్ ఉండాల్సిందే. ఎవరింట్లో ఏడుపు వినబడినా ముందు ఆమెకే కబురెళ్లేది.

చలికాలంలో ఆర్డర్లు ముంచుకొచ్చాయి. శనివారం కూడా పని ఉంటుందని, ఒకటిన్నర కూలి ఇస్తామని, రాకపోతే ఉద్యోగం ఉండదని సూపర్‌వైజర్ తెఫో చెప్పాడు. మామూలు జీతం నెలాఖరుదాకా ఏనాడూ వచ్చింది కాదు. కూతురేమో నర్సింగు చదువుతోంది. మపులేంగ్ శనివారం కూడా మెషీను ముందు కూర్చుంది.

వరసగా మూడు శనివారాలు చావు ఇళ్లకు వెళ్లలేకపోయింది. మూడోది పక్కింటి ముసలాయనది. ఆ తర్వాత ఆమె కుట్టిన జిప్పులు వెనక్కి రావడం మొదలైంది.

"ఏంటమ్మా ఇది? కళ్లద్దాలేమైనా కావాలా?" అన్నాడు తెఫో.

"కళ్లు బానే ఉన్నాయయ్యా. మనసే ఇక్కడ లేదు. పక్కింటామె నా మొహం చూట్టం మానేసింది."

"ఒకటిన్నర కూలి ఇస్తున్నాంగా!"

"ఆ ఐదు రోజులకే కడుపు నిండేంత ఇచ్చుంటే, ఆరో రోజు మీకు అమ్ముకునేదాన్నా?"

తెఫోకి ఒళ్లు మండింది. నెలాఖరుకి కుట్టు బాగుపడకపోతే తీసేస్తానన్నాడు.

వారం తిరక్కుండా తెఫో తల్లి పోయింది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ అతను హాజరు కాగితం పట్టుకుని మపులేంగ్ దగ్గరికొచ్చాడు. మర్నాడు తప్పక పనికి రావాలంటూ అతనే రాసిన పేర్లు. అందులో సగం మంది అతని ఊరివాళ్లే. తన తల్లిని సాగనంపడానికి ఎవరూ రాకుండా తానే చేసుకున్నాడు.

"అమ్మా, రేపు..." అని ఆగిపోయాడు.

ఓ గట్టి మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అతని మొహం చూసి మింగేసింది.

"గుగ్గిళ్లు ఎంతమందికి నాయనా?" అంది.

"మరి పని? మేనేజరు..."

"ఆయనకేం చెప్పుకుంటావో చెప్పుకో. నేనొస్తున్నా."

జేబులు కుట్టే ఆవిడ, "మాంసం నేను చూసుకుంటా" అంటూ లేచింది. శనివారం వాళ్ల కుట్టు లైనులో ఒక్క మెషీనూ తిరగలేదు. మపులేంగ్ పాటెత్తుకుంటే తెఫో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సోమవారం ఆమె జిప్పు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. మధ్యాహ్నం తెఫో ఖాళీ హాజరు కాగితంతో వచ్చాడు.

"ఈ శనివారానికి పేర్లు నేను రాయనమ్మా. ఆ మాట పైన చెప్పడానికే వెళ్తున్నా. జీతం పెంచమని కూడా అడుగుతా. నన్నే తీసేస్తారేమో."

మపులేంగ్‌కి అతన్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది. మెషీను ఆపి నిలబడింది.

"ఒక్కడివే ఎందుకు? పద," అంది. ఆమె వెనకాల లైను లైనంతా లేచింది.