వంగినప్పుడు కమ్మిన చీకటి

ఒకామె నాతో చెప్పిన ఒక్క మాటను నేను కాగితం మీద పెట్టలేదు. తొమ్మిదేళ్ళుగా అది నా గుండె మీదే ఉంది. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు.

తెనాలిలో ఒక కంటి ఆస్పత్రిలో స్కాన్ తీయడం నా పని. కంటి నరం మొదలు ఉబ్బినట్టు కనిపిస్తే రెండు అనుమానాలు. నరంలో సున్నపు రేణువులు పేరుకుని ఉండొచ్చు. వాటితో సాధారణంగా భయం లేదు. లేదా తలలో ఒత్తిడి పెరిగి నరం నిజంగానే వాచి ఉండొచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది. స్కాన్ తీవ్రత తగ్గించుకుంటూ పోతే, మిగతాదంతా మసకబారినా సున్నం మెరుస్తూనే ఉంటుంది. అలా తగ్గించి చూడాలి. ఆమె వచ్చిన రోజు డాక్టరుగారు బాపట్ల క్యాంపుకు బయల్దేరుతున్నారు. తగ్గించి చూడకుండానే ‘సున్నపు రేణువులు’ అని రాసిచ్చాను. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

రేపల్లె నుంచి వచ్చిన నాగమణి బట్టలు కుట్టి బతికే మనిషి. కాగితం అందుకుని కదల్లేదు.

“కిందపడ్డ కత్తెర కోసం వంగితే చాలండి, క్షణంపాటు కళ్ళకి చీకటి కమ్ముతోంది. అది రాశారా?”

“నీరసమమ్మా. మజ్జిగ తాగు.”

“మజ్జిగతో పోయేదైతే మీ స్కానెందుకండి? నాకేంటో అనుమానంగా ఉంది.”

అనుమానం నాకూ వచ్చింది. వాపుకి అదొక గుర్తని నాకు తెలుసు. కానీ అది రాస్తే డాక్టరుగారికి ఫోన్ చేయాలి, నా స్కాన్ సగమేనని నేనే చెప్పాలి. నవ్వి పంపేశాను.

నాలుగు నెలలకు మళ్ళీ వచ్చింది. ఎడమ కంటి చూపు పోయింది. “చీకటి కమ్ముతోందని అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అని డాక్టరుగారు కోప్పడ్డారు.

“చెప్పానండి. ఈయనకే.”

ఆయన నావైపు చూశారు. నేను ఫైలు వైపు చూసి, “ఇందులో లేదండి” అన్నాను.

అది అబద్ధమా? ఫైల్లో లేదన్నది నిజమే. ఆ నిజాన్ని అంత జాగ్రత్తగా ఏరుకున్నవాణ్ణి, మరిచిపోయానని ఎలా చెప్పుకోను? అప్పటినుంచి రేపల్లె నుంచి ఎవరొచ్చినా ఆమె తాలూకేమోనని మొహాలు వెతికేవాణ్ణి. నన్నెవరూ ఏమీ అడగలేదు. అందరూ ఆమెనే అనుమానించారు.

పోయిన నెల డాక్టరుగారికి అంతా చెప్పాను. మొన్న ఆదివారం బాపట్లలో ఆమె ఇప్పుడుంటున్న చెల్లెలి ఇంటికి వెళ్ళాను. నాగమణి నా గొంతు గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

“మీరు చెప్పారు. నేను విన్నాను. రాయలేదు. తర్వాత మిమ్మల్నే అబద్ధాలకోరును చేశాను. క్షమించండమ్మా” అన్నాను.