‘కంటికి కాదు’ అని రాసిన డబ్బా

ఈ పొద్దున రెప్పలు తుడుచుకుంటుంటే ఒక వెంట్రుక ఊడి తుడిచే తడి కాగితం మీదికి వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. వెంట్రుక కుదురు దగ్గర తెల్లటి పొట్టు లేదు. ఆంటీకి చెబుదామని ఫోన్ తీశాను. అప్పటికే వాళ్ళమ్మాయి మెసేజ్ వచ్చి ఉంది. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల, తెలుగు రాయడం రాదు. తెల్లవారుజామున అమ్మ పోయిందని ఇంగ్లీషులో ఒక్క వాక్యం.

ఆంటీ మాకు చుట్టం కాదు. క్లేటన్‌లో మేం నలుగురం తెలుగమ్మాయిలం అద్దెకుంటున్న ఇంటికి రెండు వీధుల అవతల ఆవిడ కళ్ళ క్లినిక్. రెండేళ్ళ కిందట, నా థీసిస్ సగంలో ఉండగా, రెండు పేజీలు చదివేసరికి కళ్ళు మండి నీళ్ళు కారేవి. పొద్దున లేస్తే రెప్పలు అతుక్కుని ఉండేవి. చదవలేకపోతే నేను ఈ దేశం వచ్చిందే దండగ. నెల రోజులు ఎవరికీ చెప్పకుండా దాచి, చివరికి ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

దీపమున్న యంత్రంలోంచి చాలాసేపు చూశారు. రెప్ప వెంట్రుకల కుదుళ్ళలో పురుగులున్నాయన్నారు, మామూలు చూపుకి అందనంత సన్నవి; అక్కడ పట్టిన తెల్లటి పొట్టే వాటి గుర్తట. నేను తల దించుకున్నాను. మా కాన్వెంటులో ప్రతి సోమవారం సిస్టర్ అందరి గోళ్ళూ చూసేది. పదేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను పక్కకు నిలబెట్టలేదు. నా మొహం చూసి ఆంటీకి సంగతి అర్థమైనట్టుంది.

“ఇది మురికి కాదమ్మా. చాలామందికి ఉంటాయి. మితిమీరితేనే గొడవ. నీకు మితిమీరాయి, అంతే.”

కాటుక ఎవరిదని అడిగారు. అమ్మమ్మదన్నాను. ఆముదం దీపం మసి పట్టి అమ్మమ్మ చేసిన కాటుక. నలుగురం ఆ ఒక్క డబ్బాలోనే వేలు పెట్టేవాళ్ళం. కాటుక చలవ చేస్తుందని మా ఇంట్లో నమ్మకం. అందుకని కళ్ళు మండిన కొద్దీ ఇంకాస్త పెట్టుకునేదాన్ని.

ఆంటీ చెప్పిన వైద్యం చిన్నది. ఉదయం, సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో పిండిన గుడ్డ రెప్పల మీద కాసేపు ఉంచాలి. తర్వాత కళ్ళు మూసుకుని, పురుగుల్ని చంపే టీ ట్రీ నూనె తగుమాత్రం కలిపి రెప్పల కోసమే చేసిన తడి కాగితాలతో వెంట్రుకల కుదుళ్ళు తుడవాలి. దిండు గలీబులు బాగా వేడి నీళ్ళలో ఉతకాలి. పాత కాటుకలన్నీ పారెయ్యాలి. కనీసం రెండు నెలలు.

ఇంటికొచ్చి చెబితే మా నలుగురిలో వరంగల్ అమ్మాయి, “నీ డబ్బాలనే గదా అందరం వేలు వెట్టింది. మరి నన్నెందుకట్ల చూస్తున్నవ్?” అంది. అని ఊరుకోలేదు, టీ ట్రీ నూనె సీసా కొనుక్కొచ్చింది, ఒక్క చుక్కతో పని అయిపోతదని. భయపడి ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ ఫోన్ ఆ పిల్లకే ఇమ్మని, సీసా నూనె కంటి దగ్గరికి తెస్తే కన్ను కాలుతుందని, కావాలంటే దాంతో ఫ్లోర్ తుడుచుకోమని చెప్పారు. అది నిజంగానే తుడిచింది.

నాలుగో వారానికి కళ్ళు తేటపడ్డాయి. ఆరో వారానికి మళ్ళీ మొదటికొచ్చాయి. నేను అన్నీ పారేశాను, ఆ డబ్బా తప్ప. అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కళ్ళు తేటపడగానే, ఒక్క గీతే కదా అనుకుని మళ్ళీ రోజూ పెట్టుకున్నాను.

“ఎవరో అబద్ధమాడుతున్నారు,” అన్నారు ఆంటీ యంత్రం వెనక నుంచి. “పురుగులు మాత్రం కాదు.”

బ్యాగులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. మూత తీసి వాసన చూశారు. చెత్తబుట్టలో వేస్తారనుకున్నాను. చిన్న స్టిక్కరు మీద తెలుగులో ‘కంటికి కాదు’ అని రాసి, మూతకు అంటించి, నా చేతిలో పెట్టారు.

“దాచుకో తల్లీ. పారెయ్యమని ఇంక అనను. కానీ ఒక్క పూట కూడా స్కిప్ చెయ్యొద్దు. నువ్వు మానేస్తే అవి మానవు.”

మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆంటీ దగ్గర్నుంచి ఒక్క మాట మెసేజ్ వచ్చేది: “రెప్పలు?” నేను “తుడిచాను” అని పెట్టేదాన్ని. నాలాంటి మాట కలపడం రాని మనిషికి అంతకంటే సుఖమైన స్నేహం దొరకదు. థీసిస్ పూర్తయింది. పోయిన వారం ఇంట్లోకి కొత్తమ్మాయి వచ్చి, అద్దం ముందున్న కాటుక పెన్సిల్ వాడుకోవచ్చా అని అడిగితే, ఎవరిది వాళ్ళదే అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

రేపు అంత్యక్రియలు. ఏడుస్తాను. ఇంటికొచ్చి రెప్పలు తుడుచుకుంటాను. అది మానను.

ఆంటీ అంటే నాకు గుర్తొచ్చేది యంత్రం అవతల, జానెడు దూరంలో, కదలకుండా నన్ను చూసే ఆ రెండు కళ్ళు. ఆవిడకు అప్పుడు క్యాన్సర్ మందులు నడుస్తున్నాయి. ఒక్కొక్క వెంట్రుకా వెతికి నా రెప్పలు బాగుచేసిన ఆ రోజుల్లో, ఆవిడ రెప్పలకు ఒక్క వెంట్రుకా లేదు.