నాము మడి చుట్టూ కంప

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను గిద్దలూరు దగ్గరి ప్రభుత్వ ప్రదర్శన క్షేత్రంలో ఫీల్డ్‌మన్‌గా వేశారు. అప్పటికి మా తాలూకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఫీల్డ్‌మన్ అంటే వ్యవసాయ శాఖలో కింది మెట్టు; పైన ఫారం మేనేజరు, ఆ పైన జిల్లా అధికారి. రైతులకూ బడిపిల్లలకూ కొత్త విత్తనాలు, ఎరువు వేసే పద్ధతి చూపించడం మా పని. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చూపించడానికి బావి కింద కూరగాయల మళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ మళ్ల పక్కనే మేతకు కోసిన జొన్న మడి ఒకటి ఉంది. కోసిన మోళ్ల నుంచి మళ్లీ లేత పిలకలు లేచాయి. వీటినే నాము అంటారు. వాన లేని బెట్టలో పెరిగిన నాము పశువుకు విషం. అందుకే మా వైపు నాము ఉన్న చేను చుట్టూ ముళ్లకంప వేస్తారు. ఆ కంప చూస్తే గొర్రెల కాపరి అల్లంత దూరం నుంచే మందను మళ్లించుకుంటాడు.

మార్కాపురం నుంచి హైస్కూలు పిల్లలు వస్తున్నారని కబురు రాగానే, మేనేజరు గారు దారి పక్క రాళ్లకు సున్నం కొట్టించి, కంప తీసేయమన్నారు. పిల్లల కాళ్లకు గుచ్చుకుంటుందని పైకి చెప్పారు. చూడ్డానికి బాగుండదన్నది అసలు సంగతి. అక్కడ నాము ఉందని గుర్తుచేశాను. పశువులన్నిటినీ కట్టేయిస్తే చాలదా అన్నారు. సబబుగానే తోచింది, కట్టేయించాం. పశువు నాము దగ్గరికి పోకుండా చూసుకున్నామే గాని, నామే పశువు దగ్గరికి వస్తుందని ఎవరికీ తట్టలేదు.

మళ్లకు నీళ్లు కట్టే వెంకటమ్మ ఆవు బావి పక్కన గుంజకు కట్టేసి ఉంది. ఆమె భర్త లేని మనిషి. కరువుకు మిగతా గొడ్లన్నీ పోగా, పిల్లలకు పాలచుక్క ఉండాలని ఆ ఒక్కదాన్నీ మా మళ్లలో కలుపు మేపి నిలబెట్టుకుంది.

వచ్చినవాళ్లు చాలావరకు బజారు దుకాణదారుల పిల్లలు. నేను ఎరువు గుంట గురించి చెబుతుంటే, వెనక కొందరు ఆడపిల్లలు ఆవు డొక్కలు చూసి జాలిపడి, పచ్చగా కనిపించిన నామును గుప్పిళ్లతో పీకి తినిపించారు. వెంకటమ్మ అప్పుడు వాళ్ల కోసమే మంచినీళ్లు తోడుతోంది. బిందెతో వచ్చేసరికి ఆవు నురగ కక్కుతూ మోకాళ్ల మీద పడింది. విరుగుడని బెల్లం నీళ్లు పోశాం. పశువుల కాంపౌండరు కోసం సైకిలు మీద మనిషిని పంపాం. ఆ మనిషి గిద్దలూరు చేరకముందే ఆవు చచ్చిపోయింది.

తినిపించిన పిల్లల్లో ఒకమ్మాయి వెంకటమ్మ దగ్గరికి వచ్చి, "ఆకలిగా ఉందనుకున్నాం పెద్దమ్మా, మాకు తెలీదు" అంది.

"నీకెట్ల తెలుస్తాది బిడ్డా? తెలిసినోళ్లే కంప తీసినారు" అని వెంకటమ్మ ఆవు మెడలోని పలుపు విప్పింది.

నాకు తలెత్తబుద్ధి కాలేదు. మేనేజరు గారు పిల్లలను బస్సు ఎక్కించమన్నారు. సొంత పశువు గనక శాఖ ఇచ్చేదేమీ లేదని ఆయన చెప్పింది రూలు ప్రకారం నిజమే.

మర్నాడు కంప మళ్లీ వేయించమన్నారు. వేసింది వెంకటమ్మే. పని అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఇంక కలుపు ఏడ పారేయాల అయ్యా?" అని మాత్రం అడిగింది.

తర్వాత ఏ క్షేత్రంలో పనిచేసినా, సందర్శనకు ముందు శుభ్రం చేసే రోజున ఒక్క దానికే పట్టుబట్టేవాణ్ణి. ఏదైనా తీసేముందు అది ఎవరికి ఏం చెబుతోందో తెలుసుకోవాలి. అది తెలియని వాళ్లు వస్తుంటే నోటితో చెప్పాలి. పిల్లలకు మొదట చూపించాల్సింది కూరగాయల మడి కాదు, నాము మడి.