స్పీకర్లో మామ పేరు

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక పాడు అలవాటు ఉంది. రాసిన ప్రోగ్రాం పని చేస్తుందో లేదో చూడాలంటే అందులో ఏదో ఒక పేరు, ఏదో ఒక మాట కొట్టాలి కదా, ఆ కొట్టేదేదో బుద్ధిగా కొట్టరు. కీబోర్డు మీద వేళ్లు ఎక్కడ పడితే అక్కడ నొక్కి పిచ్చి అక్షరాలు నింపుతారు, లేదంటే పక్క సీటువాణ్ని ఆటపట్టించే మాటేదో కొడతారు. మన లాప్‌టాప్ దాటి ఎక్కడికి పోతుందిలే అని ధీమా. మంజులకూ ఆ ధీమా ఉండేది. అసలు ఆ ఆఫీసులో అందరికంటే ఆమెకే ఎక్కువ ఉండేదని చెప్పాలి.

ఆఫీసంటే అద్దాల మేడ అనుకునేరు. సూర్యాపేటలో ఒక మందుల దుకాణం పైన రెండు గదులు, నలుగురు మనుషులు, కరెంటు పోయినప్పుడల్లా కీచుమనే ఒక బ్యాటరీ డబ్బా. పొద్దున్నే అందరూ నిలబడి నిన్నేం చేశాం, ఇవాళేం చేస్తాం అని చెప్పుకుంటారు. ఐదు నిమిషాల మీటింగని పేరేగానీ టీ వచ్చేదాకా కదలదు. ఫైళ్లకు ఫైనల్, ఫైనల్ టూ, అసలు ఫైనల్ అని పేర్లు పెడతారు, ఆ తర్వాత కూడా మారుస్తారు. ఓనరు గోవర్ధన్ మంచివాడే, కానీ కొత్త ఆర్డరు వచ్చిందంటే రేపే కావాలంటాడు.

ఆ వానాకాలం వడ్ల సీజనుకు వచ్చిన ఆర్డరు మిర్యాలగూడలోని ఒక రైసుమిల్లుది. గేటు దగ్గర రైతు పేరు ఎక్కిస్తే, వంతు రాగానే స్పీకర్లో ఒక ఆడగొంతు ఆ పేరు పిలిచి ట్రాక్టరును కాటా మీదికి రమ్మంటుంది. బండి కాటా ఎక్కేదాకా పిలుస్తూనే ఉంటుంది. ఆ ఆర్డరు ఇప్పించింది మంజుల మేనమామ లింగస్వామి. అదే మిల్లులో ఆయన హమాలీ. "మా కోడలు పిల్ల సూర్యాపేటల కంప్యూటర్ పని చేస్తది సేటూ, ఒక్కసారి పిలిచి సూడు" అని సేటు వెంటపడి మరీ ఒప్పించాడు. కోదాడలో ఇంజినీరింగు చదివిన నాలుగేళ్లూ మంజుల ఉన్నది మిర్యాలగూడలో ఆయన ఇంట్లోనే. పొద్దున కాలేజీ బస్సు దాకా సైకిలు మీద దింపి వచ్చి, అప్పుడు బస్తాలు మోయడానికి పోయేవాడు.

ఇప్పుడాయన బస్తాలు మోయడం లేదు. నిరుడు నడుము పట్టేసి దవాఖానలో పడుకున్నాడు, డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. హమాలీలది ముఠా పని, వచ్చిన కూలి అందరూ సమంగా పంచుకోవాలి. పాత మనిషని వాళ్లు ఆయన్ను వదిలేయలేదు, కాటా దగ్గర బండ్లు సర్దే పని చూసుకోమన్నారు. అయినా నోళ్లు ఊరుకుంటాయా. మొయ్యనోడికి సమంగా ఎందుకని మాట మొదలైంది. ఆ మాట ముదిరితే ఆయనకు ముఠాలో చోటుండదు. లింగస్వామికి ఆ సంగతి తెలుసు, మంజులకూ తెలుసు. అత్తమ్మ సుగుణ మాత్రం ఇంట్లో "ఓ పనిదొంగా, లేచి చాయ్ తాగు" అని మురిపెంగానే పిలిచేది. ఆయన నవ్వి లేచేవాడు.

మరి మంజుల బుద్ధి ఏ గడ్డి మేసిందో! ఆఫీసులో ఆ ఆడగొంతు పెద్ద వాక్యాలు సరిగా చదువుతుందా లేదా అని చూస్తూ, పరీక్షకు పెట్టుకున్న జాబితాలో రైతు పేరు ఉండాల్సిన చోట చేతికొచ్చినట్టు కొట్టింది. "పనిదొంగ లింగస్వామీ, యాడ పన్నవ్? లేచి కాటా కాడికి రా!" గొంతు తీయగా చదివింది. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. గోవర్ధన్ మళ్లీ వినిపించమన్నాడు. మళ్లీ వినిపించింది. తన మాటకు నలుగురు నవ్వుతుంటే ఎవరికి బాగుండదు?

మిల్లులో మొదలుపెట్టే రోజు ప్రోగ్రామంతా తీసుకెళ్లి అక్కడి కంప్యూటర్లో ఎక్కించింది. ఏ పేర్ల జాబితా చదవాలో ప్రోగ్రాంకు చెప్పేది ఒకే ఒక్క లైను. ఆఫీసు జాబితా తీసేసి మిల్లు జాబితా పెట్టాలి. ఆ లైను మార్చడం మరిచిపోయింది. ఈ పని చేసేవాళ్లలో ఏదో ఒకనాడు అది మరవని వాళ్లు ఉండరు. సేటు కొబ్బరికాయ కొట్టి మీట నొక్కాడు. గేటు దాకా ట్రాక్టర్ల వరుస, రైతులు, హమాలీలు, అందరూ స్పీకరు వైపు తల ఎత్తారు.

"పనిదొంగ లింగస్వామీ, యాడ పన్నవ్? లేచి కాటా కాడికి రా!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత నవ్వులే నవ్వులు. బండి కాటా ఎక్కలేదు కాబట్టి గొంతు మళ్లీ పిలిచింది, ఆ వెంటనే మళ్లీ. మంజుల చేతికి మౌసు దొరకడం లేదు, దొరికినా బాణం ఎక్కడుందో కనబడటం లేదు. "మేము అనలే పెద్దాయనా, మిషనే అన్నది!" అని మంగ్త్యా అనే హమాలీ కేకేశాడు. చివరికి ఆమె వైరు పీకేసింది.

"ఎవలు రాసిండ్రు గిది?" సేటు ముఖం ఎర్రబడింది. గోవర్ధన్ మంజుల వైపు చూశాడు.

"నేను రాసింది కాదు సార్" అంది మంజుల. "అది ఏఐ గొంతు. ఒక్కోసారి దానంతట అదే ఏదో కల్పిస్తది." తన చేత్తో కొట్టిన మాటను నాది కాదనేసింది. అంటుంటేనే చెవులు కాలిపోయాయి, మామ వైపు కన్నెత్తే ధైర్యం లేకపోయింది.

"గట్లయితే నాకొద్దు. రేపు నా రైతులను దొంగలంటది. ఖతం, తీస్కపోన్రి" అన్నాడు సేటు.

అప్పుడు కాటా పక్కనుంచి లింగస్వామి ముందుకొచ్చాడు. "సేటూ, జర ఆగు. మిషన్‌ది తప్పేం లేదు, పిల్లది తప్పేం లేదు. నేనే రాయించిన. ముందుగాల నా పేరే పిలిపియ్యి బిడ్డా, నలుగురు నవ్వాలె అన్న. ఇంట్ల మా ఆడామె నన్ను గట్లనే పిలుస్తది" అని పెద్దగా నవ్వాడు.

సేటు చల్లబడ్డాడు. "ముందే చెప్పొద్దానయ్యా, పరేషాన్ చేస్తివి." మంజుల ఆ లైను మార్చి, పీకేసిన వైరు మళ్లీ పెట్టింది. ఇక రైతుల పేర్లు ఒక్కొక్కటే స్పష్టంగా వచ్చాయి, ట్రాక్టర్లు వరుసగా కదిలాయి. గోవర్ధన్ ఆమె భుజం తట్టి టీ తాగడానికి పోయాడు. పని బ్రహ్మాండంగా నడుస్తోంది, ఆమెకు మాత్రం ఆ స్పీకరు కింద నిలబడటమే నరకంగా ఉంది. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది. మొదటి తప్పు కంటే అబద్ధమే ఎక్కువ కోస్తోంది.

మధ్యాహ్నం షెడ్డు కింద గోనెసంచులు పరుచుకుని హమాలీలు సద్దులు విప్పారు. మంజుల వెళ్లేసరికి మంగ్త్యా అంటున్నాడు. "పెద్దాయనా, హుషారున్నవ్. నీ మీద నువ్వే జోకు ఏసుకున్నంక ఇగ మేమేమంటం!" అందరూ నవ్వుతున్నారు, లింగస్వామి కూడా నవ్వుతున్నాడు. ఆ మాటతో నిరుటి నుంచి నలుగుతున్న గొడవ తీరిపోయినట్టే ఉంది. "రా బిడ్డా, తిందువు" అని ఆయన జరిగి చోటిచ్చాడు.

ఆ ఆదరణే ఆమె తట్టుకోలేకపోయింది. "మామ రాయించలే" అంది నిలబడే. "నేనే రాసిన. ఆఫీసుల నవ్వుకోనీకి రాసిన. పొద్దున సేటుకు అబద్ధం గూడ చెప్పిన." చెప్పేసింది. గుండెల మీది బండ దిగినట్టయింది.

ఎవరూ నవ్వలేదు. మంగ్త్యా తల దించుకుని అన్నం కలపసాగాడు. సొంత మేనకోడలు కూడా ఆయన్ను అట్లాగే అనుకుంటుందన్నమాట అని అందరి ముఖాల్లో కనబడింది. అప్పటిదాకా ఆయన చేసిన నవ్వులాటగా ఉన్న మాట ఇప్పుడు నిజమై కూర్చుంది. మంజులకు అప్పుడు తెలిసింది, తన బరువు దించుకోవడానికి ఎవరి మీద పెట్టిందో.

లింగస్వామి ముద్ద గిన్నెలోనే వదిలాడు. "ఎవలడిగిండ్రు బిడ్డా నిన్ను?" అన్నాడు మెల్లగా. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది.

ఆయన చెయ్యి కడుక్కుని, తువ్వాల తలకు చుట్టుకుని, బియ్యం ఎక్కుతున్న లారీ దగ్గరికి నడిచాడు. బస్తాల ముందు వంగి వీపు చూపించాడు. "వద్దు పెద్దాయనా" అని మంగ్త్యా పరుగెత్తి వచ్చాడు. "పెట్టున్రి" అన్నాడు లింగస్వామి. గట్టిగా అన్నాడు. ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని బస్తా ఎత్తి పెట్టారు. ఆయన ఒక అడుగు పక్కకు తూలి, నిలదొక్కుకున్నాడు.

మంజుల ఎదురుగా పోయి నిలబడింది. "మామా, నీ కాళ్లు మొక్కుత, దించు."

"అడ్డం తప్పుకో" అన్నాడాయన, తల ఎత్తకుండానే. "పనిల ఉన్న."

ఆమె తప్పుకుంది.